చివరిసారి తెఱచిన వేళ

నెల్లూరు జిల్లాకు పడమటి యెల్లగా వెలిగొండలు ఉత్తర దక్షిణములుగా సాగియున్నవి. ఆ కొండల చెంతనే ఉదయగిరి దుర్గము కలదు. 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు గజపతుల సేనను ఓడించి ఈ దుర్గమును వశపఱచుకొనెను. ఉదయగిరికి ఆగ్నేయమున, పెన్నానదికి చేరువగా ఆత్మకూరు ఉన్నది. ఆత్మకూరను పేరుగల ఊళ్లు తెలుగునాట అనేకములు కలవు. ఇచ్చట చెప్పునది నెల్లూరు జిల్లాలోని ఆత్మకూరు. ఒకే పేరు పలుచోట్ల నుండుట యను సంగతి ఈ పాఠమున మఱల నొకసారి వచ్చును గనుక దీనిని గుర్తుంచుకొనుట మంచిది.

ఈ రెండు ప్రాంతములలోను ప్రాచీన శిలాశాసనములు పెక్కు కలవు. బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టి అను ఇరువురు వానిని జిల్లా అంతటి నుండి సేకరించి, తాలూకాల వారీగా విభజించి, 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. శాసనమును చదువువారికి మొట్టమొదట కనబడునది కాలము. శకవర్షము, ప్రభవాది సంవత్సరములలో దాని పేరు, మాసము, పక్షము, తిథి, వారము, ఒక్కొక్కచోట గ్రహణము కూడ చెప్పబడును. దానము చేసినవా డెవడో, పుచ్చుకొన్నవా డెవడో, పొలిమేర లెచ్చటివో దాని తరువాతనే వచ్చును. ఆ రాయి ఎప్పుడు వ్రాయబడినదో ఐదువందల యేండ్ల తరువాత గూడ రాయియే చెప్పును. కాని దానిని చివరిసారి ఎవరు చదివిరో, ఎప్పుడు చదివిరో ఏ రాయియు చెప్పజాలదు. చదివినవాడు వచ్చెను, చదివెను, పోయెను. రాతిపై వాని జాడ లేదు.

వ్రాసిన కాలము తెలియుట వేఱు, వాడిన కాలము తెలియుట వేఱు. మొదటిది సులభము, వ్రాయువాడే వ్రాతతోపాటు తేదీని గూడ వ్రాయును. రెండవది కష్టము. ఏలయన, చదువువాడు సాధారణముగా ఏమియు వ్రాయడు.

కాగితముల కాలమునను ఈ చిక్కు పోలేదు. 1984 జనవరిలో కరణము, మునసబు పదవులు రద్దుచేయబడు వఱకు గ్రామలెక్కలు కరణముల అధీనమున నుండెడివి. భూముల లెక్కలు, శిస్తు లెక్కలు, అడంగళ్లు గుడ్డలో మూటకట్టి దస్త్రములుగా పెట్టెలలో నుంచెడివారు. అట్టి మూట ఒకటి ఇటీవల విప్పబడినదా, లేదా యని తెలిసికొనుటకు ఆ మూటపై చూపు పఱచినచో చాలును. దానిపై దుమ్ము మందముగా నున్నచో చాలకాలముగా ఎవరును ముట్టలేదని చెప్పవచ్చును. దుమ్ము ఒక విధమైన సాక్షి. అయితే తేదీ చెప్పలేని సాక్షి. పైగా దానిని విచారించుటకు మూటపై చేయి వేసినంతనే ఆ సాక్ష్యము చెఱగిపోవును.

గ్రంథాలయములు ఇంతకంటె మంచి యుపాయమును కనిపెట్టినవి. పుస్తకపు చివరి పుటలో తేదీల కాగితమొకటి అంటింపబడియుండును. పుస్తకమును ఇంటికి తీసికొనిపోవునపుడెల్ల గ్రంథపాలకుడు దానిపై తేదీ ముద్ర వేయును. ఆ కాగితము చూచినచో పుస్తకము ఎన్నిసారులు, ఎప్పుడెప్పుడు బయటికి వెడలినదో తెలియును. ఇది చక్కని పద్ధతియే. కాని గ్రంథాలయమునందే బల్లయొద్ద కూర్చుండి నిఘంటువును తిరుగవేసిన బాలునకు ముద్ర లేదు. దినమునకు పదిమంది చూచు నిఘంటువు తేదీల కాగితముపై ఒక్క ముద్రయు లేక తెల్లగానే యుండవచ్చును. బీరువాలలో చోటు చాలనప్పుడు, ముద్రలు లేని పుస్తకములను తీసివేయుడని ఎవరైన ఆజ్ఞాపించినచో మొదట పోవునది ఆ నిఘంటువే. లోపము పుస్తకమునందు లేదు, పాఠకులయందు లేదు. ముద్ర దేనికి సాక్ష్యమో తెలియకపోవుట యందున్నది.

ఇప్పుడు కంప్యూటరు సంగతి చూడవలెను. ఆంధ్రప్రదేశమునందలి రిజిస్ట్రేషను కార్యాలయములలో దస్తావేజులను కంప్యూటరులో నుంచు పద్ధతి ‘కార్డ్’ అను పేర 1998 నవంబరు 4వ తేదీన ప్రారంభమైనది. అప్పటినుండి కాగితపు కట్టల స్థానమును క్రమముగా ఫైళ్లు ఆక్రమించుకొనుచున్నవి. కంప్యూటరునందు ఫైలనగా ఒక పేరుతో భద్రపఱుపబడిన సమాచారము. అది ఉత్తరము కావచ్చును, చిత్రము కావచ్చును, పాట కావచ్చును, ఎకరా కుంటల లెక్క కావచ్చును. ఈ ఫైళ్లను డిస్కుపై ఎచ్చట నుంచవలెను, ఎవరికి చూపవలెను, ఎవరికి చూపరాదు అను పెత్తనమంతయు చేయునది ఆపరేటింగ్ సిస్టము. లినక్స్, విండోస్ అనునవి అట్టివి. చేతిలోని ఫోనునందు గూడ అట్టిదొకటి యుండి తీరును.

ఆపరేటింగ్ సిస్టము ప్రతి ఫైలునకు ఒక చీటీని వ్రాసి యుంచును. ఈ చీటీ ఫైలులోని భాగము కాదు. ఫైలును గూర్చిన వివరము. యూనిక్స్ వంశమునకు చెందిన వ్యవస్థలలో దీనిని ఐనోడు అందురు. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో యూనిక్స్ నిర్మాణమునకు పూనుకొనిరి. ఐనోడునందు ఫైలు పరిమాణమెంత, యజమాని ఎవరు, దానిని చదువుటకు, వ్రాయుటకు ఎవరికి అనుమతి కలదు, సమాచారము డిస్కుపై ఏయే చోట్ల నున్నది యను సంగతులుండును. ఆశ్చర్యమేమనగా అందు ఫైలు పేరు మాత్రము ఉండదు! పేరు ఆ ఫైలుండు పట్టికలో వ్రాయబడును. చీటీకి ఒక సంఖ్య మాత్రమే యుండును. ఆత్మకూరను పేరు నెల్లూరు జిల్లా పట్టికలో ఒక ఊరిని, మఱియొక జిల్లా పట్టికలో మఱియొక ఊరిని సూచించినట్లే, ఒకే పేరు వేర్వేఱు పట్టికలలో వేర్వేఱు ఫైళ్లను సూచింపవచ్చును. సంఖ్యలు వేఱగుట వలన యంత్రమునకు పొరపాటు రాదు.

ఈ చీటీలోనే మూడు కాలములు వ్రాయబడియుండును. ఒకటి, ఫైలులోని సమాచారము చివరిసారి చదువబడిన కాలము; దీనిని ఏ-టైమందురు. రెండవది, ఆ సమాచారము చివరిసారి మార్చబడిన కాలము, ఇది ఎమ్-టైము. మూడవది, చీటీయే చివరిసారి మార్చబడిన కాలము, ఇది సి-టైము. ఈ మూడవదానిని ఫైలు పుట్టిన కాలమని చాలమంది పొరబడుదురు. అది పుట్టిన కాలము కాదు.

ఒక ఉదాహరణము చూడవలెను. ఉదయగిరిలోని బాలిక యొకతె సోమవారము ఉదయము పది గంటలకు దుర్గమును గూర్చి వ్యాసము వ్రాసి కంప్యూటరులో భద్రపఱచినదనుకొనవలెను. అప్పుడు మూడు కాలములును సుమారుగా ఒక్కటియే. మంగళవారము సాయంకాలము ఆమె దానిని తెఱచి చదువుకొన్నది. ఏ-టైము మంగళవారమునకు మాఱినది. తక్కిన రెండును సోమవారముననే నిలిచినవి. బుధవారమున, ఈ వ్యాసమును తరగతివా రందఱును చదువవచ్చునని అనుమతి నిచ్చినది. వ్యాసములో ఒక్క యక్షరమును మాఱలేదు గనుక ఎమ్-టైము సోమవారమే. కాని అనుమతి చీటీలో వ్రాయబడును గనుక సి-టైము బుధవారమైనది. గురువారమున ఉపాధ్యాయుడు ఒక తప్పును దిద్దెను. సమాచారము మాఱినది, దానితో చీటీయు మాఱినది. ఎమ్-టైము, సి-టైము రెండును గురువారమైనవి. శుక్రవారమున ఆత్మకూరులోని స్నేహితురాలు ఆ వ్యాసమునకు నకలు తీసికొన్నది. ఆ నకలు క్రొత్త ఫైలు. దాని చీటీ క్రొత్తది, సాధారణముగా దానిలోని కాలములును శుక్రవారమువే. బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టి గార్ల సంపుటముపై 1905 అని యుండును. అందలి శాసనము మాత్రము ఎన్నో శతాబ్దముల నాటిది. నకలుపై నున్న తేదీని జూచి మూలము వయస్సు చెప్పరాదు.

ఇంకొక విశేషము కలదు. ఫైలు పేరును పట్టికలో చూచుట వలనను, చీటీని చూచుట వలనను ఏ-టైము మాఱదు. లోపలి సమాచారమును చదివినప్పుడే మాఱును. మూటను విప్పక దానిపై నున్న పేరును చదివినట్లే యిది. దుమ్ము విషయమున లేని సౌకర్యము యంత్రమున గలదు. చేయి వేయకయే సాక్షిని విచారింపవచ్చును.

కాలమును యంత్రము ఎట్లు వ్రాయును? తిథి, వార, నక్షత్రములతో గాదు, ఒక్క సంఖ్యతో. 1970 జనవరి 1వ తేదీన గ్రీనిచ్ కాలమానము ననుసరించి అర్ధరాత్రి పండ్రెండు గంటలు మొదలుకొని గడచిన సెకండ్లెన్నియో లెక్కించి ఆ సంఖ్యను వ్రాసికొనును. ఆ క్షణమున ఉదయగిరిలో తెల్లవారుజామున ఐదున్నర గంటలు. మొదట ఈ లెక్క ఇట్లు లేదు. 1971 నాటి తొలి యూనిక్స్ గ్రంథమునందు సెకండులో అఱువదవ వంతును లెక్కకు ప్రమాణముగా గైకొనిరి. అంత చిన్న ప్రమాణముతో ముప్పదిరెండు అంకముల గడి రెండున్నర యేండ్ల లోపలనే నిండిపోవును. అందుచేత ప్రమాణమును సెకండునకు పెంచిరి. సెకండ్ల లెక్కలో ధన, ఋణములు రెండింటికి చోటిచ్చిన అదే గడి 2038 జనవరి 19వ తేదీ వఱకు చాలును. ఆనాడు మన గడియారములలో ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లు కాగానే ఆ గడి నిండిపోవును. పాత యంత్రములు కొన్ని అప్పుడు 1901వ సంవత్సరమునకు వెనుదిరుగ గలవు. క్రొత్త వ్యవస్థలలో గడిని అఱువదినాలుగు అంకములకు పెంచిరి గనుక వానికి భయము లేదు. విండోస్ వారి ఎన్‌టీఎఫ్ఎస్ అను ఏర్పాటులో లెక్క 1601 జనవరి 1వ తేదీన మొదలగును; ప్రమాణము సెకండులో కోటియవ వంతు. అక్బరు పాదుషా జీవించియున్న నాడు ఏ కంప్యూటరును లేదు గదా యను సందేహము వలదు. శాలివాహన శకమును వాడువా రందఱును శాలివాహనుని నాటివారు కారు.

ఇంతవఱకు చెప్పిన దానినిబట్టి ఏ-టైము మిక్కిలి ఉపకారియని తోచును. ఉపకారియే, కాని దానిలో ఒక విపరీతము కలదు. చదువుట యనగా దేనిని మార్పకుండ చూచుట. అట్లు చదివిన సంగతిని గుర్తుంచుకొనవలెనన్నచో యంత్రము చీటీపై క్రొత్త కాలమును వ్రాయవలెను. అనగా ప్రతి చదువును ఒక వ్రాతకు కారణమగును. గ్రంథాలయమున బల్లయొద్ద పుస్తకము విప్పిన ప్రతివానిని నిలిపి, గ్రంథపాలకుడు లేచివచ్చి ముద్ర వేయవలెనన్న నియమము పెట్టినచో ఏమగును? ముద్ర వేయుటతోనే దినము గడచిపోవును.

యంత్రములో సరిగా నిట్లే జరిగినది. తఱచుగా వాడబడు ఫైళ్లను ఆపరేటింగ్ సిస్టము తన జ్ఞాపకశక్తిలో, అనగా డిస్కుకంటె ఎన్నో రెట్లు వేగముగల మెమరీలో, సిద్ధముగా నుంచుకొనును. వానిని చదువుటకు డిస్కు వంక చూడనే యక్కఱలేదు. కాని చదివిన కాలమును మాత్రము ఎప్పటికైన డిస్కుపై వ్రాయవలెను. ఊరక తిరుగుచున్న డిస్కు ఈ చిన్న వ్రాతలకై పలుమాఱులు కదలవలసి వచ్చును. వేయి ఫైళ్లు చదివినచో వేయి చీటీలు తిరుగవ్రాయవలెను. విద్యుత్తును పొదుపుచేయుటకై నిద్రించుచున్న డిస్కు అందుకొఱకే మేల్కొనును. తిరుగు పళ్లెములు లేని నేటి ఫ్లాషు మెమరీకి ఈ కదలిక లేదు గాని, దానికి వ్రాతలు వ్రాసికొలది ఆయువు తఱుగును.

2007లో లినక్స్ నిర్మాతల నడుమ దీనిని గూర్చి పెద్ద చర్చ జరిగినది. ఇంగో మోల్నార్ మొదలగు నిపుణులు ఈ ఏ-టైము వలన యంత్రమునకు వృథాశ్రమ మెంత కలుగుచున్నదో గట్టిగా చెప్పిరి. దానిని ఆపివేయుట కష్టము కాదు. ‘నో-ఏ-టైము’ అను ఏర్పాటు అదివఱకే యున్నది. అది పెట్టినచో చదువుట వలన చీటీ మాఱదు. అయితే ఏ-టైమును నమ్ముకొని పనిచేయు ప్రోగ్రాములు కొన్ని కలవు. ఉత్తరముల ప్రోగ్రాము నొకదానిని చూడుడు. వచ్చిన ఉత్తరములన్నియు ఒకే ఫైలులో చేరుచుండును. క్రొత్త ఉత్తరము వచ్చినదా లేదా యని తెలియుట ఎట్లు? ఉత్తరము వచ్చినప్పుడు ఎమ్-టైము మాఱును. యజమాని చదివినప్పుడు ఏ-టైము మాఱును. మార్పు చదువుకంటె తరువాతిదైనచో చదువని ఉత్తరము కలదన్నమాట. రెండు తేదీలను పోల్చిన చాలును, పెట్టెను తెఱవనక్కఱలేదు. చదివిన కాలమును వ్రాయుట మానివేసినచో ఈ ప్రోగ్రాము గ్రుడ్డిదగును. చదివిన ఉత్తరమునే క్రొత్తదని మాటిమాటికి చెప్పుచుండును.

అందుచేత నడిమిదారి నొకదానిని కనిపెట్టిరి. దానికి ‘రెల్-ఏ-టైము’ అని పేరు. చీటీపై నున్న చదివిన కాలము మార్పు కాలముకంటె తరువాతిది కానిచో, ఇప్పటి చదువును వ్రాసికొనవలెను. లేదా చదివిన కాలము వ్రాసి ఇరువదినాలుగు గంటలు దాటినచో అప్పుడును వ్రాసికొనవలెను. ఈ రెండును కానప్పుడు వ్రాయ బనిలేదు. దీనివలన ఉత్తరముల ప్రోగ్రామునకు కావలసిన సత్యము దక్కును: మార్పు తరువాత చదువబడినదా, లేదా? దినమునకు నూఱుసారులు చదువబడు ఫైలునకు నూఱు వ్రాతలకు బదులు ఒక్కటి చాలును. 2009లో వెలువడిన లినక్స్ 2.6.30 నుండి ఎవరును వేఱుగా కోరనిచో ఈ పద్ధతియే నడచుచున్నది. 2015లో మఱియొక యుపాయము చేరినది. కాలములను మెమరీలో కచ్చితముగా దిద్దుకొనుచు, డిస్కుపై మాత్రము తీరిక చూచుకొని వ్రాయుట దాని ధర్మము. ఈలోపల విద్యుత్తు పోయినచో ఆ కాలములు పోవును. ఫైలులోని సమాచారమునకు హాని లేదు.

విండోస్ చరిత్రయు ఇట్టిదే. ఎన్‌టీఎఫ్ఎస్ నందు చదివిన కాలము డిస్కుపై నెక్కుటకు ఒక గంట వఱకు ఆలస్యము కావచ్చునని నిర్మాతలే చెప్పియున్నారు. 2007లో ప్రజలకు విడుదలయైన విండోస్ విస్టాలో, వేగము కొఱకు, ఆ లెక్కను సహజస్థితిలో ఆపివేసిరి. 2018 తరువాత కొన్ని యంత్రములలో అది మఱల ఆరంభమైనది. పెన్‌డ్రైవులలోను కెమెరా కార్డులలోను తఱచుగా కనబడు ఫ్యాట్ అను పాత యేర్పాటులో చివరి చదువునకు తేదీ మాత్రమే కలదు. గంటలు, నిమిషములు లేవు. కనుక ‘ఈ ఫైలును చివరిసారి ఎప్పుడు చదివిరి?’ అను ఒకే ప్రశ్నకు ఒకచోట సెకండుతో సహా ఉత్తరము వచ్చును. ఒకచోట దినము మాత్రము వచ్చును. ఒకచోట వచ్చిన ఉత్తరము నిన్నటిది, చదువు నేటిది. ఒకచోట ఏనాడో ఫైలు పుట్టినప్పటి కాలమే నిలిచిపోయియుండును. చూచుటకు అన్నియు ఒకే తీరున తేదీలుగానే కనబడును. చిక్కంతయు ఇచ్చటనే.

ఇది కేవలము యంత్రజ్ఞుల విచారమని తలపరాదు. వెలిగొండల చెంతనున్న మెట్ట గ్రామములలో తాతనాటి పొలమునకు ముప్పదియేండ్లుగా ఎవరును అడుగని దస్తావేజు ఒకటి యుండవచ్చును. ఆత్మకూరునకు పడమట సోమశిల యొద్ద పెన్నపై జలాశయము కట్టినట్లు, ఒక ప్రాజెక్టు వచ్చి భూములకు పరిహారము చెల్లింపవలసి వచ్చిన నాడు ఆ కాగితమే కుటుంబమునకు దిక్కు. అట్టి పత్రముల చిత్రములను ఒక కార్యాలయమున కంప్యూటరులో నుంచిరనుకొనవలెను. డిస్కు నిండినది. ‘మూడేండ్లుగా ఎవరును చదువని ఫైళ్లను తీసివేయుడు’ అని ఒక యధికారి ఆజ్ఞాపించెను. ఆ యంత్రమున చదివిన కాలమును వ్రాయు పద్ధతి ఆపివేయబడియున్నచో, నిన్న రైతు వచ్చి చూచికొన్న పత్రము గూడ మూడేండ్లుగా ముట్టనిదానివలె కనబడును. గ్రంథాలయములోని నిఘంటువు గతియే దానికిని పట్టును.

దీనికి విపరీతముగా జరుగుటయు కలదు. రాత్రివేళ నకళ్లు తీయు ప్రోగ్రాము, వైరసులను వెదకు ప్రోగ్రాము ప్రతి ఫైలును తెఱచి చదువును. చదివిన కాలమును వ్రాయు యంత్రమున, మఱునాటి ఉదయమునకు ఫైళ్లన్నియు నిన్న రాత్రియే చదువబడినట్లు కనబడును. మనుష్యుడు చదివెనా, యంత్రము చదివెనా యను భేదము చీటీకి తెలియదు. ఎవరు చదివిరో అసలే తెలియదు. చీటీలో చదువరి పేరునకు గడి లేదు.

అందుచేతనే బుద్ధిమంతులైన నిర్మాతలు ఏ-టైము నొక్కదానినే నమ్మరు. లినక్స్ యంత్రములలో తాత్కాలిక ఫైళ్లను ఊడ్చివేయు ప్రోగ్రాము నొకదానిని చూచినచో ఇది తెలియును. ఒక తాత్కాలిక ఫైలును తీసివేయుటకు మునుపు అది మూడు కాలములను పరీక్షించును. చదువు, సమాచారపు మార్పు, చీటీ మార్పు మూడును నియమించిన గడువునకు వెనుకటివైననే దానిని తొలగించును. ఒక్కటి క్రొత్తదైనను విడిచిపెట్టును. అదియును తాత్కాలిక ఫైళ్ల విషయముననే. దస్తావేజుల వంటివానికి ఎన్నాళ్లుగా చదువబడలేదను ప్రశ్నయే అనుచితము. చదువబడకుండుటయే వాని స్వభావము. అవసరము వచ్చిన ఒక్క దినము కొఱకే అవి యుండును.

నేరవిచారణలలో ఈ కాలములకు విలువ అధికము. ఒకడు తానా ఫైలును ఎన్నడును తెఱవలేదని చెప్పును; చీటీపై మఱియొక మాట యుండవచ్చును. కాని విచారించువాడు తొందరపడి ఆ యంత్రమును నడిపి ఫైలును తెఱచినచో, చీటీపై వాని చదువే చివరి చదువుగా నెక్కును. దుమ్ముపట్టిన మూటపై చేయివేసినవాని కథయే యిది. ఈ కారణముచేత నిపుణులు మొదట డిస్కునకు, దానికి నడుమ వ్రాతలను అడ్డగించు ఉపకరణము నొకదానిని తగిలింతురు. పిదప డిస్కును అక్షరాక్షరము నకలు తీసి, ఆ నకలునందే వెదకుదురు. మూలమును ముట్టరు.

ఇంకొక జాగ్రత్తయు కలదు. చీటీపై కాలమును వ్రాయునది యంత్రములోని గడియారమును చూచియే. కంప్యూటరు ఆపివేసినప్పుడు ఆ గడియారమును నడుపుటకు లోపల ఒక చిన్న బ్యాటరీ యుండును. అది చచ్చిపోయినచో పాత యంత్రములు కొన్ని తెల్లవారి లేచునప్పటికి 1980 జనవరి 1వ తేదీకి పోవుచుండెడివి. అట్టి యంత్రమున ఆనాడు వ్రాసిన లెక్కలన్నిటిపైనను ఆ తేదీయే యుండును. అంతేకాక, చదివిన కాలమును, మార్చిన కాలమును ఫైలు యజమాని కోరిన తేదీకి మార్చుకొనుటకు ఆజ్ఞలు కలవు. నకళ్ల కట్టను విప్పునప్పుడు పాత తేదీలను తిరిగి నిలుపుటకు అవి అవసరము. సి-టైమును మాత్రము అట్లు మార్చుటకు ఆజ్ఞ లేదు. తక్కినవానిని మార్చినంతనే అది ఆ క్షణమునకు తనంతట తాను మాఱిపోవును. ఎమ్-టైము పదియేండ్ల క్రిందటిదై, సి-టైము నిన్నటిదైనచో విచారింపదగిన సంగతి ఏదియో కలదు. అది మోసమే కానక్కఱలేదు; అనుమతి మార్చియుండవచ్చును, నకళ్ల నుండి తిరిగి పొందియుండవచ్చును.

మఱి, ఒక పత్రమును ఎవరు చూచిరో నిజముగా తెలియవలసిన కార్యాలయము ఏమి చేయవలెను? కట్టుదిట్టముగల పాత రికార్డు గదులలో దీనికి పద్ధతి యుండెడిది. దస్త్రమును బయటికి తీసినప్పుడు దాని స్థానమున ఒక చీటీ పెట్టి, తీసినవాని పేరు, తేదీ, కారణము రిజిస్టరులో వ్రాసి సంతకము గైకొనెడివారు. యంత్రమునందును అట్లే వేఱొక చిట్టాను తెఱవవచ్చును. ముఖ్యమైన ఫైళ్లను కొన్నిటిని పేర్కొని, వానిని ఎవరు తెఱచినను పేరు, వేళ, వాడిన ప్రోగ్రాము వ్రాసియుంచుమని ఆపరేటింగ్ సిస్టమునకు ఆజ్ఞాపింపవచ్చును. లినక్స్, విండోస్ రెండింటియందును ఈ సౌకర్యము కలదు. ఏ-టైము చివరి చదువు నొక్కదానినే నిలుపుకొని వెనుకటివానిని చెఱపివేయును; ఈ చిట్టా పంక్తి వెంట పంక్తి పెంచుకొనుచు పోవును. అందుచేత దీనికి చోటు ఎక్కువ కావలెను, ఎన్నాళ్లు దాచవలెనో నిర్ణయింపవలెను. చదివిన వారి పేర్లుండు ఆ చిట్టాను చదువుటకు ఎవరికి అధికారమో అదియును ముందే వ్రాసి పెట్టుకొనవలెను. అన్ని ఫైళ్లకును ఇట్టి చిట్టా వ్రాయబూనినచో యంత్రము మఱల ముద్రలు వేయుటలోనే మునిగిపోవును. కనుక ఏ ఫైళ్లకు ఈ కాపలా కావలెనో మనుష్యుడే యెంచి చెప్పవలెను. ఆ పని యంత్రము చేయదు.